ఫ్లిమ్సీ గ్రౌండ్స్: బొగ్గు గనుల శ్రీరాంపూర్‌లో ఒక సంవాదం

సర్దారు: ఈ కాగితం ఇట్లనే పోవద్దు సార్. మూడో లైన్ల ఒక మాట ఉన్నది, దాన్ని కొట్టేయాలె. ‘ఫ్లిమ్సీ గ్రౌండ్స్ మీద డిస్మిస్ చేసిండ్రు’ అని రాసిండ్రు. నాగాల కేసైనా మీ కలం కింద ఇదే మాట, క్వార్టర్ రాకపోయినా ఇదే, ప్రమోషన్ ఆగినా ఇదే. శ్రీరాంపూర్ల ఎవరి అర్జీ ఇప్పి చూసినా ఫ్లిమ్సీ కనబడతది. ఇన్ని బాధలకు ఒక్కటే పేరు ఎట్ల సరిపోతది?

అర్జీల సారు: కొట్టేద్దాం అన్నా, ఏం కొట్టేస్తున్నామో తెలుసుకుని కొట్టేద్దాం. ఫ్లిమ్సీ అంటే అబద్ధమని కాదు. పలుచనిది, ఉన్నట్టే ఉండి బరువు ఆపలేనిది. ఇంగ్లీషులో 1700 ప్రాంతంలో కనిపించడం మొదలైన మాట. ఫిల్మ్ అన్నది తారుమారై పుట్టిందని కొందరు, మాయమాటలకు వాడే ఫ్లిమ్‌ఫ్లామ్ నుంచి వచ్చిందని కొందరు. బట్టకు వాడారు, కాగితానికి వాడారు. టైపుమిషన్ల కాలంలో కార్బన్ కింద పెట్టే ఉల్లిపొర కాగితానికి ఫ్లిమ్సీ అనే పేరు. నాలుగో కాపీ దగ్గరికి వచ్చేసరికి అక్షరం ఉందో లేదో తెలిసేది కాదు, అయినా కాగితం ఫైల్లో చేరేది, దానికో నంబరూ పడేది. ఇప్పుడు ఎక్కువగా వాడేది సాకులకు, కారణాలకు, సాక్ష్యాలకు. కారణం ఉంది, అబద్ధమూ కాదు. దాని మీద పెట్టిన శిక్షను మాత్రం అది మోయలేదు. ఇంత సంగతిని ఒక్క మాటలో చెప్పేది ఇంకోటి ఉంటే చెప్పు, అదే రాస్తా.

సర్దారు: తెలుగుల లేవా? వట్టి మాట అంటం. డొల్ల అంటం. కల్లంల వడ్లు తూర్పార పట్టినప్పుడు తాలు అంటం. కుంటిసాకు అంటం. ఉత్త ముచ్చట అంటం. ఇవన్నీ ఒక్కటి కావు చూడుండ్రి. తాలుకు పైన పొట్టు సక్కగనే ఉంటది, లోపట గింజ పట్టలేదు. డొల్ల అంటే పైన గట్టిగ కనబడతది, లోపట ఏం మిగల్లేదు. కుంటిసాకు నాలుగు అడుగులు ఏస్తది గని ఊరి పొలిమేర దాటది. ఒక్కొక్క మాట లోటు ఎక్కడున్నదో ఏలు పెట్టి చూపెడ్తది. మీ ఫ్లిమ్సీ ఏం చూపెడ్తది?

అర్జీల సారు: ఇంగ్లీషులోనూ వేటికవే వేరు. మనం కలగాపులగం చేసి వాడుతున్నాం, అది మాట చేసిన తప్పు కాదు. హాలో అంటే లోపల ఖాళీ. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా ఇచ్చిన హామీకి వాడతారు, గెలిచినా చేతికేమీ రాని గెలుపుకూ వాడతారు. టెన్యువస్ అంటే సన్నది. రెండు సంగతులకు లంకె ఉందంటారు, చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో తెగేలా ఉంటుంది. దాని లాటిన్ మూలమూ సంస్కృతంలోని తను, తన్వి అన్న మాటలూ ఒకే కుదురువి. ఇక వాక్యువస్ ఉంది, అంటే అసలేమీ లేనిది. వాక్యూమ్ దానికి చుట్టం. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. తర్కశాస్త్రంలో వాక్యువస్ సత్యమని ఒక రకం సత్యాన్ని చెప్తారు. మూసేసిన బొగ్గు బాయి ఒకటి ఉందనుకో. ‘ఈ ఏడాది ఆ బాయిలో దిగిన ప్రతి కార్మికుడూ క్షేమంగా పైకొచ్చాడు’ అని రాస్తే అది అబద్ధం కాదు. దిగినవాడే లేడు మరి.

సర్దారు: గిసొంటి వాక్యాలు మీటింగులల్ల మస్తు విన్న. దానికో పేరున్నదని ఇయ్యాల తెలిసింది. సరే, మాటకు అర్థం ఉన్నదని ఒప్పుకుంట. నా తకరారు అర్థం మీద కాదు. నాగాల కేసు ఒకటి తీసుకుందాం. మేనేజ్‌మెంట్ ఛార్జిషీటిస్తది. కార్మికుడు రాలేకపోయిన కారణం రాసిస్తడు. ‘నువ్వు చెప్పింది ఫ్లిమ్సీ ఎక్స్‌క్యూజ్’ అని వాళ్లు రాస్తరు. డిస్మిస్ అయినంక ఈయన మీ దగ్గరికి వస్తడు. ‘వాళ్లు చెప్పింది ఫ్లిమ్సీ గ్రౌండ్’ అని మీరు రాస్తరు. రెండు కాగితాలు ఒక్క ఫైల్లనే పక్కపక్కన కూసుంటయి. పైన కూసున్నాయన రెండూ సదివి ఏం తేల్చుకోవాలె? నీది పలుచన అంటే నీది పలుచన. పిల్లల కొట్లాట లెక్కనే ఉన్నది.

అర్జీల సారు: రెండు దిక్కులా వాడినంత మాత్రాన మాట చెల్లకుండా పోతే కోర్టులో ‘న్యాయం’ అన్న మాట ఎన్నడో చెల్లకుండా పోయేది. వాదీ అదే అడుగుతాడు, ప్రతివాదీ అదే అడుగుతాడు. మాట ఇద్దరిదీ, తూకం వేసేది మూడో మనిషి. ఇంకో సంగతి విను. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టానికి 11-ఎ అనే సెక్షన్ చేర్చారు. అంతకుముందు కంపెనీ చేసిన ఎంక్వయిరీ పద్ధతి ప్రకారం జరిగి తప్పు రుజువైతే, శిక్ష ఎక్కువైందని ట్రిబ్యునల్ కలగజేసుకునే వీలు పెద్దగా ఉండేది కాదు. 11-ఎ వచ్చాక, తప్పు నిజమే అయినా దానికి ఉద్యోగమే తీసేయడం సబబు కాదనిపిస్తే ఆ ఉత్తర్వును పక్కన పెట్టి చిన్న శిక్ష వేసే అధికారం లేబర్ కోర్టుకు దక్కింది. గోదావరిఖని లేబర్ కోర్టు మెట్లెక్కిన ఎవర్నడిగినా ఈ సెక్షన్ నంబరు నిద్రలో కూడా చెప్తారు. దాని సారం ఏమిటి? కారణం నిజం, బరువు చాలదు. కారణం అబద్ధమని రుజువు చెయ్యలేనివాడికి కూడా నిలబడే చోటు దొరికింది. నేను రాసే ఫ్లిమ్సీ ఆ చోటు పేరు అన్నా.

సర్దారు: సెక్షన్ల ఆ మాట ఉన్నదా?

అర్జీల సారు: లేదు.

సర్దారు: మరి అదే చట్టంల ఐదో షెడ్యూలు తీయుండ్రి. 1982 సవరణతోని ఎక్కింది. ఇప్పటి 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌ల కూడ ఆ వరుస ఉన్నది. అన్యాయం అంటే ఏందో అండ్ల ఒక్కొక్కటే రాసిండ్రు. పగబట్టి తీసేసుడు. అబద్ధమని కంటికి కనబడే కారణాలతోని తీసేసుడు. సెలవు లేకుండ రాలేదని కల్పించి తీసేసుడు. ఇగ ఇంకోటి ఉన్నది, మీ ఫ్లిమ్సీ మొత్తం దాంట్లనే ఉన్నది: చిన్న తప్పుకు, ఆ తప్పు ఎసొంటిదో చూడకుండ, మనిషి పాత సర్వీసు చూడకుండ, సరిపడని శిక్ష ఏసుడు. మూడు చూడమన్నది చట్టం. తప్పు ఎసొంటిది, సర్వీసు ఎట్లున్నది, శిక్ష ఎంత. చట్టం రాసినోళ్లకు మీ మాట తెల్వక కాదు. అది సరిపోదని ఇడిచిపెట్టిండ్రు. మీ అర్జీల ఈ మూడిట్ల ఏది ఉన్నది? నేను సదివిన, ఒక్కటి లేదు.

అర్జీల సారు: ఈ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటా. మూడూ రాయాలి. అయితే రాయడానికి అవి ఎవరి దగ్గరున్నాయో కూడా చూడు. హాజరు మస్టర్లు ఆఫీసులో ఉంటాయి. సిక్ కాగితాలు ఆస్పత్రిలో ఉంటాయి. ఎంక్వయిరీలో ఎవరేమన్నారో రాసిన ప్రొసీడింగ్స్ మళ్లీ ఆఫీసులోనే. నా ముందుకొచ్చే మనిషి చేతిలో డిస్మిస్ ఆర్డరు ఒక్కటే ఉంటుంది, అదీ నాలుగు మడతలు పెట్టి, చెమటకు తడిసి. అతను చెప్పగలిగింది ఏమిటి? ‘మీరు చూపించిన కారణం చాలదు’ అని. ఆ ఒక్క మాట అన్నాక, చాలుతుందని చూపించే భారం కారణం చూపించినవాడి మీద పడాలి. కాగితాలున్నవాడు వివరాలు రాస్తాడు, లేనివాడు విశేషణం రాస్తాడు. విశేషణం రాయొద్దంటే కాగితాలు లేనివాడిని మాట్లాడొద్దన్నట్టే.

సర్దారు: గింత గట్టిగ మీరు అర్జీల రాస్తే నేనెందుకు అడ్డం వస్త? కాగితాలు లేవంటరు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉన్నది. పది రూపాయలు కట్టి నా మస్టర్లు నాకియ్యుండ్రి అని అడగొచ్చు. 30 రోజులల్ల ఇయ్యాలె.

అర్జీల సారు: ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, తర్వాత హైదరాబాదులో సమాచార కమిషన్. ఈలోగా ఇంట్లో బియ్యం అయిపోతాయి. కాగితం వచ్చేదాకా ఆగమంటే ఆగగలిగేవాడికి నా అవసరమే లేదు.

సర్దారు: ఆగమంటలేను. ఒక పక్క అడుగుండ్రి, ఇంకో పక్క రాయుండ్రి. సరే, నేను చేసే పని సంగతి చెప్త, వినుండ్రి. బాయిల రూఫ్ ఎట్ల చూస్తం? కర్రతోని కొడతం. గట్టిగ ఉంటె ఖంగుమంటది. లోపట పొర ఇడిచిపెడితే బొదబొద అంటది, డప్పు మీద కొట్టినట్టు. ఇంగ్లీషు గని పుస్తకాలల్ల దాన్నే డ్రమ్మీ అన్నరు. రెండో చెయ్యి రూఫ్‌కు ఆనిచ్చి అదురు కూడ చూస్తం. డ్రమ్మీ అనేది కూడ లోపట ఖాళీ ఉన్నదని చెప్పే మాటనే గద? కాని ఆ మాట అని ఊకోం. వదులుగ ఉన్నదాన్ని గడ్డపారతోని కిందికి గుంజుతం. లేకుంటె ప్రాప్ పెడతం, బోల్టు ఏపిస్తం. ఏదీ కాకపోతే కంచె కట్టి మనిషిని పోనియ్యం. మాట ఎనక పని ఉంటది. ధన్‌బాద్‌ల గనుల భద్రత ఆఫీసు నుంచి వచ్చే సర్దారు సర్టిఫికెట్టు ఉత్తగ ఇయ్యరు. కొట్టినవా, విన్నవా, ఏం చేసినవ్ అని అడుగుతరు. ఫ్లిమ్సీ ఎనక ఏం పనున్నది? సంతకం ఒక్కటే.

అర్జీల సారు: నీ పనిలోనే నిన్ను అడుగుతా, కోపం చేసుకోకు. కర్రకు వినపడేది దగ్గరి పొర సంగతే కదా? చాలా పైన, రెండు పొరల మధ్య విడిపోతే కర్రకు తెలుస్తుందా?

సర్దారు: తెల్వది. దగ్గరి పొర మందంగ ఉంటె గట్టిగనే మోగుతది, పైన ఇడిపోయి ఉంటది. అందుకనే రూఫ్‌ల రంధ్రం చేసి టెల్‌టేల్ పెడతరు, పొర ఎంత జరిగిందో అది చూపెడ్తది. కర్రను ఒక్కదాన్నే నమ్మినోడు సర్దారే కాదు.

అర్జీల సారు: అదే నేను చెప్పేది. కొన్ని డిస్మిస్ ఆర్డర్లు ఎట్లా మోగుతాయో తెలుసా? తారీఖులుంటాయి. మస్టర్ల లెక్క ఉంటుంది. ఛార్జిషీటు నంబరు, ఎంక్వయిరీ జరిగిన రోజులు, స్టాండింగ్ ఆర్డర్లలో ఫలానా క్లాజు, అన్నీ ఉంటాయి. నువ్వడిగిన వివరాలకు లోటే లేదు. ఏడాదికి ఇన్ని మస్టర్లుండాలని గీత గీశారు, ఇతనివి ఆ గీత కింద ఉన్నాయి, అయిపోయింది. కొట్టి చూస్తే ఖంగుమంటుంది. పైన విడిపోయిన పొర ఏమిటంటే, ఆ ఏడు అతనికి కామెర్లు వచ్చాయి, ఊళ్లో తల్లి మంచం పట్టింది, వడ్డీ వ్యాపారికి భయపడి నెలరోజులు బస్తీలోనే కనపడలేదు. అంకెలన్నీ నిజం. అంకెల వల్లనే కారణం పలుచనైంది. వివరాలు నిండుగా ఉండి కూడా పస లేనిదాన్ని ఏమనాలి? ఇంతకాలం నువ్వు వివరం లేకపోవడమే డొల్ల అనుకున్నావు. వివరాల చాటున ఉండే డొల్ల ఇంకోటుంది.

సర్దారు: ...ఇది నేను ఆలోచించలే. అవును, ఉంటది. సదివితె నోరు మూతపడే కాగితాలు నేను చూసిన, మూతపడ్డంక కూడ కడుపుల ఏదో ఒప్పది. కాని సార్, గిప్పుడు మీరు చెప్పిండ్రు చూడుండ్రి, కామెర్లు, తల్లి, వడ్డీ. ఇవి ఇనంగనే నాకు మనిషి కనబడ్డడు. ఫ్లిమ్సీ అన్నప్పుడు కనబడలే. ఆ కామెర్లు రాయుండ్రి. డాక్టరు చీటీ లేకపోతె ‘చీటీ లేదు, పసరు మందు తిన్నడు’ అని రాయుండ్రి. సదివెటాయన కూడ కామెర్లు చూసినోడే.

అర్జీల సారు: రాస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ‘దీనికి సాక్ష్యమేది’ అంటారు. లేదంటే, ‘సాక్ష్యం లేని సాకు’ అని ఇంకో చిన్న పేరా చేర్చుకుంటారు. వివరం ఇచ్చినప్పుడల్లా ఎదుటివాడికి ఒక పిడి ఇస్తున్నామన్నా. విశేషణానికి ఆ పిడి ఉండదు. పట్టుకుని గుంజడం కుదరదు.

సర్దారు: పట్టుకునేటందుకు ఏం లేనిదాన్ని ఏమంటరో మీరే చెప్పిండ్రు గద, వాక్యువస్ అని.

అర్జీల సారు: బాగా అంటించావు. సరే, నవ్వు అయిపోయాక ఇంకో రుజువు చెప్తా, దీన్ని మాత్రం తేలిగ్గా తీసెయ్యకు. ఒక్క విశేషణం మారితే ఏమవుతుందో ఈ కోల్‌బెల్టుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కార్మికుడి ఉద్యోగం పిల్లలకు ఇచ్చే పథకానికి వారసత్వ ఉద్యోగాలని పేరు పెట్టారు. 2017లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగం వారసత్వంగా రావడమంటే అందరికీ సమాన అవకాశమన్న రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమన్నారు. సుప్రీంకోర్టుకు పోయినా ఫలితం మారలేదు. తర్వాత అదే ఆశ ‘కారుణ్య నియామకాలు’ అనే పేరుతో వచ్చింది, నిలబడింది. ఇక్కడి ఆర్కే బాయిల్లో, ఎస్సార్పీ బాయిల్లో ఇవ్వాళ లాంప్ రూం ముందు వరుసలో నిలబడే కుర్రవాళ్లను చూడు, ఎంతమంది ఆ రెండో మాట మీద లోపలికి వచ్చినవాళ్లో. వారసత్వం పడిపోయింది, కారుణ్యం నిలిచింది. మాటల్లో బరువు లేదని శ్రీరాంపూర్ మనిషి అనకూడదు.

సర్దారు: మాట ఒక్కటే మారలే సార్. షరతు మారింది. రోగంతోని పని చెయ్యలేకపోయినోడు కొత్తగూడెం మెడికల్ బోర్డు ముందట నిలబడాలె. బోర్డు చూస్తది, పరీక్షలు చేపిస్తది, అన్‌ఫిట్ అని రాస్తది. అప్పుడు కొడుకుకో బిడ్డకో నౌకరి. అన్‌ఫిట్ కూడ విశేషణమే గద? ఒక్క మాటనే. కాని దాని ఎనక ఒక బోర్డు ఉన్నది, ఒక తారీఖున్నది, ఎక్స్‌రే ఉన్నది. ఆ మాట పడాలని కొందరు మొక్కుకుంటరు, పడొద్దని కొందరు మొక్కుకుంటరు. అంత బరువు దానికి ఎక్కడికెల్లి వచ్చింది? ఎవరో పరీక్ష చేసి అన్నరు కాబట్టి వచ్చింది. మీ ఫ్లిమ్సీ ఎనక ఏ బోర్డున్నది? ఎవరు పరీక్ష చేసిండ్రు?

అర్జీల సారు: బోర్డు లేని మాటలన్నీ తీసేస్తే మిగిలేవి ఇంజినీర్ల మాటలు, డాక్టర్ల మాటలు. ‘దుర్మార్గం’ వెనక బోర్డు ఉందా? ‘మంచివాడు’ వెనక ఉందా? అయినా ఈ ఊరు ఆ మాటల మీదే నడుస్తోంది. చెడ్డ మేస్త్రీ ఎవడో మంచి ఓవర్‌మ్యాన్ ఎవరో నీకు సర్టిఫికెట్లు చెప్పాయా? ఏళ్ల తరబడి చూసినవాడి అంచనా కూడా ఒక పరీక్షే. నేను ఎన్నో ఆర్డర్లు చదివాను. చదవగానే ఇది పలుచన అని నాకు తెలుస్తుంది. ఎందుకో చెప్పడానికి కాసేపు పడుతుంది. తెలియడం ముందు, చెప్పడం తర్వాత. ఆ మధ్యలో ఉండే మాట ఇది.

సర్దారు: మీకు తెలుస్తది, కాదనను. సదివెటాయనకు మీరు తెల్వదు గద? ఆయనకు మీ మాట ఒక్కటే కనబడతది. ఒక మాట అంట, ఏమనుకోకుండ్రి. మీ ఇంగ్లీషు చూస్తె నాకు కన్యాశుల్కంల గిరీశం యాదికొస్తడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడితె వెంకటేశం నోరు తెరుచుకొని చూస్తడు. అర్థం కాకపోవుడే ఆయన బలం. మన అర్జీ మీద సంతకం పెట్టేటోడు కూడ గంతే. ఫ్లిమ్సీ సూసి, ‘సారు గట్టిగనే ఏసిండు’ అని ఖుషీగ పోతడు.

అర్జీల సారు: మాటలు అదుపులో పెట్టుకో అన్నా. గిరీశం ఇంగ్లీషు మాట్లాడింది ఇంగ్లీషు రానివాళ్ల ముందు, వాళ్లను పడగొట్టడానికి. నేను రాసేది ఇంగ్లీషు వచ్చినవాడికి, ఇంగ్లీషులోనే నిర్ణయం రాసేవాడికి. తెలుగులో ఇస్తే ‘అనువాదం జతపర్చండి’ అని వెనక్కి పంపిన రోజులున్నాయి. ఆ భాష నేను కోరుకున్నది కాదు. ఆ బల్ల దగ్గర చెల్లేది అదే కాబట్టి నేర్చుకున్నా. ఆ బల్లకు అలవాటైన మాటలు కొన్ని ఉంటాయి. ఫ్లిమ్సీ వాటిలో ఒకటి. అది చూడగానే, ఇది కేవలం ఏడుపు కాదు, అభ్యంతరం అని ఆయనకు అర్థమవుతుంది. మర్యాద కూడా ఉంది అందులో. ‘మీరు అబద్ధం రాశారు’ అంటే మొహం మాడ్చుకుంటారు. ‘మీరు రాసింది చాలదు’ అంటే మళ్లీ చూస్తారు. బతకాల్సింది వాళ్లతోనే కదా.

సర్దారు: మర్యాద సంగతి నిజమే. దాన్ని నేను మర్సిపోయిన. అబద్ధమని రాస్తె పంచాయితి ముదురుతది. ఒప్పుకుంట. అయితె గిరీశం సంగతి మాత్రం సగమే వాపస్ తీసుకుంట. సదివెటోనికి అర్థమైతది, సరే. సంతకం పెట్టేటోనికి కావాల్నా వద్దా? అది ఆయన నౌకరి, ఆయన మాట. రేపు ఎంక్వయిరీల ‘నువ్వు ఫ్లిమ్సీ అన్నవ్, ఏది ఫ్లిమ్సీ చెప్పు’ అని అడిగితె ఏం చెప్తడు? తన అర్జీలున్న మాట తనకే తెల్వకపోతె, ఆ అర్జీ ఎవరిది?

అర్జీల సారు: దీనికి నా దగ్గర జవాబు లేదు.

సర్దారు: జవాబు లేదని కాగితం ఆపరు గద మీరు?

అర్జీల సారు: ఆపను. ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే తెలుగు అంటే అంతా గింజపట్టిన వడ్లే అనుకుంటావు. పేపరు తిరగెయ్యి. ఏ పథకమైనా, ఏ శాఖైనా, ‘డొల్లతనం బట్టబయలు’ అని హెడ్డింగు. రోడ్డు గుంత పడ్డా డొల్లతనమే, పరీక్ష పేపరు లీకైనా డొల్లతనమే. నువ్వు మెచ్చుకున్న డొల్ల ఎక్కడ లోటుందో ఇప్పుడు చూపిస్తోందా? అరిగిపోవడానికి భాషతో పనిలేదు. ఇంగ్లీషు మాట తీసి దాని చోట తెలుగు మాట పెడితే అర్జీ బాగుపడదు.

సర్దారు: నేను తెలుగు పెట్టమనలే. చోటే ఖాళీ చెయ్యమన్న. ప్రమాదం జరిగినప్పుడు చూడుండ్రి. 2021 నవంబర్ల మన ఎస్సార్పీ-3ల రూఫ్ కూలి నలుగురు పోయిండ్రు. కారణాల ముచ్చట నేను ఎత్తను, అది విచారణ చేసినోళ్ల పని. నేను అనేది మాటల సంగతి. అసొంటిది ఏ బాయిల జరిగినా మర్నాడు పేపర్ల, మీటింగుల, అన్ని పార్టీల నోట ఒకటే వస్తది: ‘దురదృష్టకరం’. అబద్ధమా? కాదు. కాని ఆ మాటల మనిషి లేడు, షిఫ్టు లేదు, జాగ లేదు. పోయినోని పెండ్లాం ఆ మాటను ఏం చేసుకుంటది? ‘ఫస్ట్ షిఫ్టు, ఫలానా జంక్షన్, బోల్టు ఏసే పని’ అని చెప్తె కనీసం ఎక్కడ పోయిండో తెలుస్తది. విశేషణాలు ఊకెనే వస్తయి సార్. వచ్చిన జాగల ఇంకోటి రానియ్యవు. నా భయం అది.

అర్జీల సారు: ఆ భయం నాకూ ఉంది. కాకపోతే నువ్వొకటి మర్చిపోతున్నావు. రూఫ్ బొదబొదమన్న క్షణంలో నువ్వు ఎన్ని మాటలు అంటావు?

సర్దారు: ఒక్కటే. ‘ఎనక్కి’ అంట.

అర్జీల సారు: పొర ఎంత మందం, ఎన్ని అడుగుల మేర వదులైంది, ఏ బోల్టు కిందుంది, ఇవన్నీ అప్పుడు చెప్పవు. చెప్తూ కూర్చుంటే మనిషి మిగలడు. డిస్మిస్ ఆర్డరు చేతికొచ్చిన మొదటి వారం అటువంటిదే. అప్పీలు గడువు నడుస్తుంటుంది. క్వార్టర్ ఖాళీ చెయ్యమంటారేమోనన్న భయం. మొదటి కాగితం ఒక కేక. దాంట్లో వివరాలు వెతక్కు. ఈ కారణం కింద మనిషిని నిలబెట్టొద్దు అని అరిచే కేక అది. వివరాలు రెండో కాగితానివి.

సర్దారు: మంచిగ చెప్పిండ్రు. మొదటి కాగితం కేక అంటే నేను అడ్డం రాను. బాయిల ‘ఎనక్కి’ అన్నంక కూడ నేను మళ్ల ఆ జాగకు పోత, చూస్త, పుస్తకంల రాస్త, ఎనక వచ్చే షిఫ్టు సర్దారుకు చెప్త. కేక ఏసి ఇంటికి పోయినోన్ని నేను చూడలే. మీరు రాసినవాట్ల రెండో కాగితం ఎన్నిట్లకు పోయింది? నన్ను మోసం చెయ్యకుండ చెప్పుండ్రి.

అర్జీల సారు: తక్కువ. చాలా తక్కువ. మొదటిదానికి జవాబు రాకపోతే మనిషే రాడు. కూలికి పోతాడు, లేదా మంచిర్యాలలో ఏదో దుకాణంలో చేరతాడు. రెండోది రాయడానికి నా ముందు ఎవరూ ఉండరు.

సర్దారు: అంటే మొదటిదే ఆఖరిది. అందుకనే మొదటిదాంట్లనే కామెర్లు ఉండాలె అంటున్న.

అర్జీల సారు: అందుకనే మొదటిదే గట్టిగా ఉండాలి అని నేను అంటున్నా. మనిద్దరం ఒక్క సంగతి నుంచే రెండు దిక్కులకు పోతున్నాం. సరే, ఇట్లా చేస్తా. ఈ అర్జీలో మూడో లైన్ నుంచి ఫ్లిమ్సీ తీస్తా. మొదటి పేరాలో సర్వీసు ఎన్నేళ్లో రాస్తా. రెండో దాంట్లో నాగాలు ఏ నెలల్లో, ఎందుకో రాస్తా, చీటీ లేదని కూడా రాస్తా. మూడో దాంట్లో పాత రికార్డు మీద మచ్చ ఉంటే అదీ, లేకపోతే లేదనీ రాస్తా. చివర్న, ఇన్ని చెప్పాక, ఈ కారణం ఫ్లిమ్సీ అని రాస్తా. కొట్టెయ్యను.

సర్దారు: అన్ని చెప్పినంక ఆ మాట ఎందుకు? సదివెటాయనే అనుకుంటడు.

అర్జీల సారు: అనుకోకపోతే? ఆయన నోట రావాల్సిన మాట ఏదో మనమే రాసిపెట్టాలి. ఇది అర్జీ అన్నా, కథ కాదు, చదివినవాడి ఊహకు వదిలెయ్యడానికి.

సర్దారు: నాకు ఒప్పదు. అయినా రాయుండ్రి, కలం మీది. నాకోటి చెయ్యుండ్రి. ఈ అర్జీ పెట్టే అబ్బాయి పొద్దున సంతకానికి వస్తడు గద, ఏలు పెట్టిన జాగల పెట్టుమని చెప్పకుండ్రి. లైను లైను తెలుగుల చెప్పి, ఇది నీ సంగతేనా అని అడుగుండ్రి. కాదన్నకాడ కొట్టేయుండ్రి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టే ప్రతి ఒక్కరికి నేను చెప్పేది కూడ గిదే: రాసినాయన ఎంత పెద్ద సారైనా సరే, తెలుగుల సదివి వినిపించేదాక పెన్ను పట్టకుండ్రి.